తలపైకి బరువెత్తితే నడుమెందుకు లాగుతుంది?

ప్రశ్న: నిలబడి డంబెల్స్ తలపైకి ఎత్తుతుంటే భుజం ముందువైపు పట్టేస్తోంది, నడుమూ లాగుతోంది. ఎక్కడ తప్పు చేస్తున్నానండీ?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: నడుము విల్లులా వంగుతోందంటే చాలాసార్లు బరువు ఎక్కువైందనే అర్థం. అలా వెనక్కి వాలితే పని భుజం నుంచి ఛాతీ పైభాగానికి మళ్లుతుంది, భారం నడుము మీద పడుతుంది. ముందు బరువు తగ్గించండి. పిరుదులు, పొట్ట బిగించి ఎత్తండి.

ఇక భుజం విషయానికొస్తే, మోచేతులు పూర్తిగా పక్కలకు చాపకండి; సుమారు 30 డిగ్రీలు ముందుకు తెండి. ముంజేయి నిట్టనిలువుగా ఉండాలి, మణికట్టు వెనక్కి వాలకూడదు.

బరువు తలపైకి చేరాక చాలామంది భుజాలను కిందికి నొక్కిపెడతారు. అది పొరపాటే. చేయి తలపైకి వెళ్లాలంటే భుజం వెనకుండే రెక్క ఎముక కూడా తిరగాలి. ట్రెపీజియస్ (మెడ నుంచి వీపు మీదికి పరుచుకునేది), సెర్రేటస్ (చంక కింద పక్కటెముకల మీద ఉండేది) కండరాలు దాన్ని తిప్పుతాయి. భుజాలను చెవులవైపు కాస్త లేవనివ్వండి. 8–10 సార్ల చొప్పున 3 సెట్లు చాలు. రాత్రి పడుకున్నా నొప్పి వదలకపోతే వ్యాయామం ఆపి ఎముకల డాక్టరుకు చూపించండి.