ఒకే తరగతిలోని పిల్లల స్థాయిలు వేర్వేరుగా ఉన్నప్పుడు ప్రాథమిక పాఠశాల అందరినీ ఎలా ముందుకు తీసుకువెళ్తుంది?

ముందుగా, ఏ పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో తెలుసుకోవడంతో ఈ పని మొదలవుతుంది. పరీక్షలో వచ్చిన మార్కు ఈ సంగతి చెప్పదు, పిల్లవాడు చేసిన తప్పే చెబుతుంది. 42 నుంచి 17 తీసివేయమంటే 35 అని రాసిన పిల్లవాడికి తీసివేత రాదనుకోవడం పొరపాటు. అతడు ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేశాడు, అంటే అతనికి తెలియనిది పదిని విడగొట్టి అప్పు తెచ్చుకోవడం ఒక్కటే. పది పుల్లల కట్టలు నాలుగు, విడి పుల్లలు రెండు చేతికిచ్చి, ఒక కట్ట విప్పించి లెక్కపెట్టిస్తే 25 ఎలా వచ్చిందో అతనికే కనిపిస్తుంది. చదవడంలోనూ ఇంతే: ‘బడి’, ‘పలక’ గడగడా చదివే పాప ‘పుస్తకం’ దగ్గర తడబడితే, ఆమెకు కావలసింది ఒత్తుల సాధన, వర్ణమాల మళ్లీ మొదటి నుంచి కాదు.

మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలందరూ అర్థం చేసుకుంటూ చదవాలనీ, మౌలికమైన లెక్కలు చేయగలగాలనీ కేంద్రం 2021లో నిపుణ్ భారత్ అనే కార్యక్రమాన్ని ప్రారంభించగా, తెలంగాణ 2022లో తొలిమెట్టు అనే ఇలాంటి కార్యక్రమాన్ని చేపట్టింది. అయితే, నా దృష్టిలో, ఒకే ఉపాధ్యాయుడు అయిదు తరగతులనూ చూసుకోవలసిన బడిలో రోజూ ఒక గంటైనా తరగతిని బట్టి కాక స్థాయిని బట్టి పిల్లలను కూర్చోబెట్టడమే ఎక్కువ ఫలితమిస్తుంది. ఇక హాజరు, మధ్యాహ్న భోజనం, కంటి పరీక్ష సంగతి వేరే చెప్పనక్కర లేదు. నల్లబల్ల కనబడని పిల్లవాడిని మొద్దు అనుకున్న సందర్భాలు తక్కువేమీ కావు.