సేవకులు, వార్తాహరులు తదితరులు

అమ్మా,

ఆశీస్సులు. నాటకాల మీద నీ వ్యాసం, నీ పుస్తకానికి ముందుమాట అడుగుతూ దాంతో పెట్టిన ఉత్తరం మొన్న అందాయి. వాక్యం శుభ్రంగా ఉంది, ఆగకుండా చదివించింది. సంతోషం. కానీ మధ్యలో ఒక చోట కాగితాలు పక్కన పడేసి, లేచి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చాను. "సేవకులు, వార్తాహరులు తదితర చిన్న పాత్రలు కథను ముందుకు నడపడానికే ఉపయోగపడతాయి" అని రాశావు చూడు, అక్కడ. ఆ ఒక్క వాక్యంతో వాళ్లందరినీ గుమ్మం బయటికి పంపేసి, మిగతా పేజీలన్నీ రాజులతో, రాణులతో గడిపావు. గ్రీకు నాటకమైనా షేక్స్‌పియర్ అయినా నీకు సింహాసనం మీద కూర్చున్నవాళ్లే కనిపించారు.

తెలియక తండ్రి లాయస్‌ని చంపి, తల్లి జొకాస్టాని పెళ్లాడిన రాజు ఈడిపస్ సంగతి తీసుకో. అహంకారమే అతన్ని కూల్చిందని నాలుగు పేజీలు రాశావు. గైడు పుస్తకాలన్నీ చెప్పే మాటే అది, పరీక్షలో మార్కులు కూడా వస్తాయి. మరి సొఫొక్లీస్ రాసిన ఆ ముసలి గొర్రెలకాపరిని ఏం చేశావు? లాయస్ ఇంట్లోనే పుట్టి పెరిగిన బానిస అతను. పసివాడైన ఈడిపస్‌ని కొండమీద చంపి రమ్మని ఇచ్చింది అతని చేతికే. మూడు దారులు కలిసే చోట లాయస్‌ని చంపినప్పుడు బతికి బయటపడ్డ ఒకే ఒక్క మనిషీ అతనే. తిరిగొచ్చి చూస్తే చంపినవాడు సింహాసనం మీద ఉన్నాడు. అప్పుడేం చేశాడు? జొకాస్టా చెయ్యి పట్టుకుని, ఊరు కనపడనంత దూరం పొలాలకి పంపించెయ్యమని బతిమాలాడు. అన్ని ఏళ్లూ నోరు మూసుకున్నాడు. నాటకంలోని రహస్యమంతా ఆ ఒక్కడి కడుపులో ఉంది.

చివరికి అతన్ని లాక్కొచ్చి చేతులు వెనక్కి విరిచి కట్టమంటాడు ఈడిపస్. ముసలివాడు "చెప్పరాని మాట దాకా వచ్చేశాను" అంటాడు. రాజు "నేనూ వినరాని మాట దాకా వచ్చేశాను, అయినా వినాలి" అంటాడు. ఆ బిడ్డని కొరింత్ అనే వేరే ఊరి కాపరికి ఎందుకిచ్చావంటే వచ్చిన జవాబు ఇదీ: జాలేసింది, దొరా. నువ్వు అహంకారం అంటున్నావు. ఆ బిడ్డ బతికిందే ఒక బానిస జాలి వల్ల. ఆ జాలి లేకపోతే నాటకమే లేదు. నీ నాలుగు పేజీల్లో ఆ ముసలివాడి ఊసు ఒక్కసారైనా రాలేదు.

నీకు నచ్చే విషయమే ఇంకొకటి చెప్తాను. 'అంధత్వం' అని నువ్వొక ఉపశీర్షిక పెట్టి, ఈడిపస్‌ని, లియర్ నాటకంలోని గ్లాస్టర్‌ని పక్కపక్కన నిలబెట్టావు. ఇద్దరికీ కళ్లు పోయాయి, ఇద్దరూ కళ్లు పోయాకే నిజం చూశారు, అంతే. ఆ కళ్లు పోయేటప్పుడు గదిలో ఇంకా ఎవరున్నారో చూశావా?

ఏథెన్స్‌లో రంగస్థలం మీద అలాంటి ఘోరం చూపించేవాళ్లు కాదు. అంతా లోపల జరుగుతుంది. ఇంట్లో పనిచేసే మనిషి ఒకడు బయటికొచ్చి చెప్తాడు. జొకాస్టా తలుపులు ఎలా మూసుకుందో, ఈడిపస్ వాటినెలా బద్దలుకొట్టాడో, ఉరి నుంచి ఆమెని ఎలా దించాడో, ఆమె బట్టలకున్న బంగారు పిన్నులు లాగి కళ్లలో ఎలా పొడుచుకున్నాడో. నాటకం మొత్తంలో అతి భయంకరమైన ఘట్టాన్ని సొఫొక్లీస్ పేరు కూడా లేని ఒక పనివాడి నోట పెట్టాడు. మనం ఆ మరణాన్ని చూసేది వాడి కళ్లతోనే.

షేక్స్‌పియర్ అలా కాదు, అంతా మన కళ్లముందే. గ్లాస్టర్‌ని కుర్చీకి కట్టేశారు. లియర్ కూతురు రీగన్ మొగుడు, డ్యూక్ కార్న్‌వాల్ ఒక కన్ను పీకేశాడు. రెండోది పీకబోతుంటే అతని సొంత నౌకరే అడ్డుపడ్డాడు. చిన్నప్పట్నుంచి మీ కొలువులోనే ఉన్నాను, ఇప్పుడు ఆగమని చెప్పడం కన్నా మంచి సేవ మీకెన్నడూ చేయలేదు అంటాడు. కత్తులు దూశారు. రీగన్ వెనకనుంచి వచ్చి నౌకర్ని పొడిచేసింది, ఒక కూలివాడు ఇలా ఎదురు నిలుస్తాడా అంటూ. శవాన్ని పెంటకుప్ప మీద పారెయ్యమన్నారు. వాడికి పేరు లేదు, అచ్చులో 'సేవకుడు' అంతే. కానీ వాడు చేసిన గాయంతోనే కార్న్‌వాల్ చచ్చాడు. అతను చచ్చాడు కాబట్టి రీగన్‌ విధవైంది, గ్లాస్టర్ కొడుకు ఎడ్మండ్‌ని పెళ్లాడే వీలు దొరికింది. అక్కడే, అతని మీదే మనసుపడ్డ అక్క గొనెరిల్‌కి గుబులు పట్టింది. అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు తినేయడం వెనక ఆ నౌకరు కత్తి ఉంది. ఇదంతా 'కథను ముందుకు నడపడానికి' మాత్రమేనా?

అన్నట్టు, లియర్‌ని ఎలిజబెతన్ నాటకం అన్నావు. ఎలిజబెత్ రాణి 1603లోనే పోయింది. ఈ నాటకం 1606 డిసెంబర్ 26న జేమ్స్ రాజు ముందు ఆడారు. అంటే రాజుగారు కూర్చుని చూస్తుండగా ఒక జీతగాడు డ్యూక్ మీద కత్తి ఎత్తాడన్నమాట. మాస్టార్లు ఈ తేడా పట్టించుకోరు. నువ్వు పట్టించుకో.

1608లో వచ్చిన అచ్చులో ఇంకో ముచ్చట ఉంది. గ్లాస్టర్‌ని గెంటేశాక మిగిలిన ఇద్దరు నౌకర్లు మాట్లాడుకుంటారు. ఒకడు, రక్తం కారే ఆ ముఖానికి అవిసె నారా, గుడ్లసొనా తెచ్చి పెడతానంటాడు. అంత రాక్షసత్వం తర్వాత వంటింట్లోంచి గుడ్డు వెతికి తెచ్చే మనిషి! షేక్స్‌పియర్ నాటకాలన్నీ కలిపి వేసిన 1623 నాటి పెద్ద సంపుటంలో ఆ మాటలు లేవు. ఎవరు తీసేశారో పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. నాకు మాత్రం ఒక వారపత్రిక సంపాదకుడు గుర్తొస్తాడు.

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక పెద్దింటి ఆస్తి తగాదా మీద కథ రాశాను. అందులో గిన్నెలు తోమే మనిషికి రెండే మాటలు. వీలునామా ఏ కొడుకు దాచాడో చూసింది ఆమె ఒక్కతే. సంపాదకుడుగారు ఆ రెండు మాటలూ కొట్టేసి, కథ చిక్కబడిందని కార్డు రాశాడు. అచ్చయిన కథలో వీలునామా దానంతటదే మాయమైంది. అయినా 'పొదుపైన శిల్పం' అని పాఠకుల ఉత్తరాలు! ఆ రోజుల్లో ఒక కథ పడితే వచ్చే పారితోషికం నాకు అద్దెకి పనికొచ్చేది కాబట్టి గొడవపడలేదు, ఆ పత్రికకి మాత్రం మళ్లీ కథ పంపలేదు. ఆయన పోయి చాలా కాలమైంది. నా కోపం పోలేదు. ఇప్పటి సంపాదకులు ఆ మాటలు కొట్టెయ్యరు గానీ, వ్యాసానికి ముందు ఇద్దరు ఫ్రెంచి సిద్ధాంతకర్తల పేర్లుండాలంటారు. నీ మొదటి పేజీలోనూ ఉన్నాయి. తీసేయ్.

పాత్రల్ని ఎలా అధ్యయనం చేయాలని అడిగావు. ఒక సీను తీసుకో. నోరు తెరవకుండా నిలబడ్డవాళ్లతో సహా అందులో ఎవరెవరున్నారో రాసుకో. అప్పటికి ఎవరికి ఏం తెలుసో, ఏం తెలియదో పేరు పక్కన రాయి. తర్వాత, పైవాడు కిందివాడితో ఎలా మాట్లాడుతున్నాడో చూడు. జూలియస్ సీజర్ నాలుగో అంకంలో బ్రూటస్ డేరా సీను ఉంది (ఇది నిజంగా ఎలిజబెత్ కాలానిదే, 1599). పుస్తకం ఎక్కడ పెట్టావని కుర్రనౌకరు లూషియస్‌ని అడిగిన బ్రూటస్‌కి అది తన అంగీ జేబులోనే దొరుకుతుంది. మతిమరుపు మనిషిని, ఏమనుకోకని సర్దిచెప్తాడు. పాట పాడుతూ పిల్లాడు నిద్రపోతే, వాద్యం విరిగిపోతుందని మెల్లగా తీసి పక్కన పెడతాడు. సీజర్‌ని పొడిచిన చెయ్యే అది. ఆదర్శవాది, ఆదర్శవాది అని నువ్వు ఎన్నిసార్లు రాసినా బ్రూటస్ ఇంత దగ్గరగా కనిపించడు. ఇతివృత్తాల జాబితా ముందు రాసుకుని తర్వాత నాటకం తెరిస్తే, సంచీ తీసుకుని బజారుకెళ్లినట్టు నీకు కావలసినవే దొరుకుతాయి, మిగతావి కనిపించవు.

ఇప్పుడు నీకో పని. గ్రీకు నాటకకర్త ఎస్కిలస్, తండ్రిని చంపినందుకు పగ తీర్చుకునే ఒరెస్టెస్ కథ మీద క్రీ.పూ. 458లో ఆడించిన మూడు నాటకాల్లో రెండోది తీసి, కిలిస్సా అనే దాది సీను చదువు. ఒరెస్టెస్ చచ్చిపోయాడన్న అబద్ధం నమ్మి, చిన్నప్పుడు వాడి గుడ్డలు ఉతికిన సంగతి చెప్పుకుని ఏడుస్తుంది ఆమె. అంగరక్షకులతో రమ్మని, ఒరెస్టెస్ తల్లి ప్రియుడు ఈజిస్తస్‌కి కబురు చెప్పడానికి బయల్దేరింది. ఒంటరిగా రమ్మని మార్చి చెప్పమంటుంది కోరస్, అంటే నాటకంలో గుంపుగా పాడే బృందం. ఆమె మార్చేస్తుంది, వాడు ఒంటరిగా వచ్చి చస్తాడు. నీ వ్యాసంలో ఆ నాటకానికి పగ, న్యాయం అని రెండు పేరాలున్నాయి, కిలిస్సా లేదు. ఆమె మీద నాలుగు పేజీలు రాసి పంపు. పుస్తకం సంగతి, ముందుమాట సంగతి అది చదివాక మాట్లాడుకుందాం.

నీ మేలు కోరే,
పెద్దవాడు