లోహం లేకుండా జేడ్‌ను కోసిన తీరు

లోహపు పనిముట్లు లేని మెక్సికో, మధ్య అమెరికాల ప్రాచీన జాతులైన ఓల్మెక్‌లు, మాయాలు జేడ్ వంటి గట్టి రాయిని నిజంగా చేత్తోనే మలిచారా, అందుకు తవ్వకాల్లో ఆధారాలున్నాయా అని మీరు అడిగారు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో ఏళ్ల తరబడి రాతి కోత చూసినవాణ్ణి కనుక, కావలసినన్ని ఉన్నాయని నిస్సంకోచంగా చెబుతాను.

రాతిని కోసేది ఇసుక. తాడు ఆ ఇసుకను లాగుతూ ఉంటుందంతే. వాళ్లు వాడిన జేడ్ రకమైన జేడైట్ కాఠిన్యం, రాళ్ల గట్టితనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలమానంలో 6.5 నుంచి 7, క్వార్ట్జ్ ఇసుకది 7. అందుకే పని సాగుతుంది, కానీ నత్తనడకన సాగుతుంది. ఈ మాట నమ్మని కుర్రవాళ్ల చేత ఒక మధ్యాహ్నం, పారేసిన గ్రానైట్ తునక మీద తడి ఇసుక పోసి నూలు తాడును అటూ ఇటూ లాగించాను. తాళ్లు వరుసగా తెగిపోయాయి, నీళ్లు బూడిదరంగు బురదగా మారాయి, సాయంత్రానికి గోరు మందం గాడి మాత్రం పడింది. అయితే దాని అడుగు తిన్నగా లేదు. తాడు వంగిన మేరకు విల్లులా వంపు తిరిగింది. తాడుతో కోసిన ప్రాచీన జేడ్ వస్తువుల మీద, ముఖ్యంగా కోస్టారికాలో దొరికిన వాటి వెనుక వైపు, రెండు పక్కల నుంచి కోసి నడుమ మిగిలిన సన్నని రాతిని విరగగొట్టిన చోట ఇదే వంపు కనిపిస్తుంది.

రంధ్రాలకు బోలు రెల్లు గొట్టాన్నో, ఎముకనో తడి ఇసుకలో తిప్పేవారు. ఓల్మెక్ ముఖాల నోటి మూలల్లో ఆ తొలుపు గుర్తులున్నాయి.

ముడిరాయి గ్వాటెమాలాలోని మోటాగ్వా లోయది. అదే దేశంలోని ప్రాచీన మాయా నగరం కామినల్‌హుయులో మెట్ల కింద పాతిపెట్టిన సుమారు 90 కిలోల జేడ్ బండ మీద, ముక్కలు కోసుకున్న గాట్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి. అక్కడి మరో మాయా నగరం కాంక్వెన్‌లోనైతే కోత గాట్లున్న ముడి బండతో, తునకలతో సహా పని జరిగిన చోటే బయటపడింది.

ఇవన్నీ ఉండగా, 1952లో మెక్సికోలోని పాలెంకే సమాధిలో పురావస్తు శాస్త్రవేత్త ఆల్బెర్టో రూస్ కనుగొన్న, మాయా రాజు పకాల్ జేడ్ ముసుగునే అందరూ చూపిస్తారు. అంతగా మెరుగుపెట్టాక కోత జాడ ఎక్కడ మిగులుతుంది? పైగా చాలా మ్యూజియాల్లో ఇటువంటి వస్తువులను గోడకు ఆనించి, అసలు సాక్ష్యమున్న వెనుక వైపును కనబడనివ్వరు. ఇదంతా గ్రహాంతరవాసుల పనేనంటూ వీడియోలు చేసేవారికి అంతకన్నా ఏం కావాలి?