ఒట్టు మాత్రం వేయకు

పర్లాకిమిడి

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. బరంపురంలో నువ్వూ నీ స్నేహితులూ కలిసి, ఫోనుల్లో "బతకాలని లేదు" అని రాసుకునే పిల్లలతో రాత్రిళ్లు మాట్లాడటానికి పూనుకున్నారట. "నువ్వైనా వద్దని చెప్పక్కా" అంది. చెప్పను. నాకు గర్వంగా ఉంది. అయినా నిద్ర పట్టలేదు. తెల్లవారకముందే లేచి ఇది రాస్తున్నాను.

నీకు తెలిసే ఉండేవి ముందు చెప్పేస్తాను. "ఆత్మహత్య చేసుకోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడుగు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఇన్నాళ్లూ ఒంటరిగా మోసిన మాట పైకి వస్తుంది, అంతే. నీతులు చెప్పకు. "మీ అమ్మానాన్నల గురించి ఆలోచించావా?" అని అసలే అనకు. వాళ్ల గురించి ఆలోచించి ఆలోచించే తాను వాళ్లకు బరువని తేల్చుకుని ఉంటారు. జవాబు ఆలస్యమైతే విసుక్కోకు, "ఉన్నాను" అని ఒక్క ముక్క రాసి ఎదురుచూడు. వాళ్లు రాసింది ఫొటో తీసి మరొకరికి సరదాకి చూపించావని తెలిస్తే నీతో మాట్లాడను.

మన వైపు పిల్లలు తెలుగులో మొదలుపెట్టి ఒడియాలో ముగిస్తారు, అదీ ఇంగ్లీషు అక్షరాల్లో. నువ్వూ అలాగే రాయి. సవరలతో వాళ్ల మాటలోనే మాట్లాడాలని గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకున్నది ఈ ఊళ్లోనే కదా.

ఇక నేను రాయాలని కూర్చున్న మాట. ఇది మీ అమ్మకు కూడా తెలియదు.

నేను ఆడపిల్లల హాస్టలు చూసుకునే రోజుల్లో, ముప్పయి ఐదేళ్ల కిందట, పదో తరగతి పిల్ల ఒకతె రాత్రి దీపాలు ఆర్పేశాక నా గదికి వచ్చింది. లోపలికి రాగానే నా చేయి తీసి తన నెత్తిమీద పెట్టుకుని, "ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యండి టీచర్" అంది. వేశాను. అప్పుడు చెప్పింది, తనకు చచ్చిపోవాలని ఉందని. నేను భయపడలేదు, కసురుకోలేదు. పాలు వేడిచేసి ఇచ్చాను, జుట్టు దువ్వాను, రెండు గంటలు విన్నాను. ఆ పిల్ల ఏడ్చి ఏడ్చి నా మంచం మీదే నిద్రపోయింది. గండం గడిచిందనుకున్నాను.

మర్నాడు ఎంత హుషారుగా ఉందో! బావి దగ్గర అందరితో నవ్వుతూ మాట్లాడింది. సాయంత్రం ఆరో తరగతి పిల్ల జడకు ఆకుపచ్చ రిబ్బను కనిపించింది. ఆ రిబ్బను ఈ పిల్లకు ప్రాణం, ఇస్త్రీ మడతలా చుట్టి పెట్టెలో దాచుకునేది. "అక్క ఇచ్చేసింది టీచర్" అంది చిన్నది. నేనేమన్నానో తెలుసా? "బాగుందే నీకు" అన్నాను. ఆ నవ్వు తేరుకున్న నవ్వు కాదని, నిర్ణయం అయిపోయాక వచ్చే నిశ్చింత అని, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం సెలవు తీసుకోవడమని అప్పుడు నాకు తట్టలేదు. పైగా ఒట్టు ఉంది. పక్క గదిలోని టీచరుకు చెప్పలేదు. తండ్రికి కబురు పంపలేదు. మూడో రోజుకి ఆ పిల్ల లేదు.

తండ్రి వచ్చాడు. వరండాలో నిలబడి, తువ్వాలు రెండు చేతులతో నలుపుతూ, "మీకేమైనా చెప్పిందా అమ్మా?" అని అడిగాడు.

"లేదు" అన్నాను. పోయిన పిల్లకు వేసిన ఒట్టు నిలబెట్టుకున్నాను.

చిట్టీ, నిన్ను కూడా ఒట్టు అడుగుతారు. ఎదుట మనిషి కనిపించని రాత్రివేళ, ఆ మాట ఇస్తే తప్ప నోరు విప్పరేమోనని నీకూ ఇచ్చేయాలనిపిస్తుంది. ఇవ్వకు. "నీ మాట ఊరంతా చాటను. కానీ నీ ప్రాణానికి ముప్పనిపిస్తే సాయం చేయగలవాళ్లకు చెప్పి తీరతాను. ఎవరికి చెబితే నీకు మంచిదో నువ్వే చెప్పు" అని రాయి. బాధ ఇంట్లోనే ఉంటే ఇంటివాళ్ల పేరు చెప్పరు. అప్పుడు మేనత్తో, స్నేహితురాలో, టీచరో ఎవరున్నారో అడుగు. నాలాగా పొరపాటున ఇచ్చేసి ఉంటే, ఒట్టు తీసి గట్టున పెట్టు. నీమీద కోపగించుకుంటే కోపగించుకోనీ, బతికి ఉండి కోపగించుకోనీ.

పోలీసు కేసు అవుతుందని భయపడితే ధైర్యం చెప్పు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది. అందులోని 115వ సెక్షను ప్రకారం అలాంటి ప్రయత్నం చేసినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారని భావించాలి, శిక్షించకూడదు. ఆ రోజుల్లో ఇది లేదు, కేసు భయంతోనే ఎందరో నోళ్లు మూసుకున్నారు.

మాటల మొదట్లోనే ఏ ఊళ్లో ఉన్నారో, ఇంట్లో ఇంకెవరున్నారో తెలుసుకో. సరిహద్దు మనుషులం కాబట్టి చెబుతున్నాను. నువ్వు బరంపురం నుంచి అత్యవసర నంబరు 112కు చేస్తే ఒడిశా వాళ్లు ఎత్తుతారు. అవతలి మనిషి పాతపట్నంలో ఉంటే ఆ కబురు ఆంధ్రాకు చేరేలోపు విలువైన నిమిషాలు పోతాయి. ఆ ఊరి మనిషిని ఒకరిని పట్టుకుని, వెళ్లి పక్కన కూర్చోమను. హాని చేసుకోవడానికి ఏదైనా దగ్గర పెట్టుకున్నారేమో అడుగు, ఉంటే ఇంకొకరి చేతికి ఇప్పించు. ఆ ఉధృతి ఎప్పుడూ ఒకేలా ఉండదు, చాలాసార్లు గంటల్లో తగ్గుతుంది, అందుకే ఆ కాసేపు అంత ముఖ్యం. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఫోను నంబరు 14416 రాత్రింబవళ్లు పనిచేస్తుంది, ఏ భాష కావాలో ఎంచుకోవచ్చు, తెలుగూ ఉంది, ఒడియా కూడా ఉంది. ఆ నంబరు పంపేసి చేతులు దులుపుకోకు, ఆ పిల్లలు దానికి ఫోను చేసేదాకా తోడుండు. మర్నాడు బాగున్నామని అన్నా మళ్లీ పలకరించు, వారం తర్వాతా పలకరించు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన కొత్తలో మరీ జాగ్రత్త.

ఒక్కదానివే రాత్రంతా కూర్చోకు. వంతులు వేసుకోండి. అన్నం మానకు. నువ్వు ఎంత చేసినా ఒకరు దక్కకపోవచ్చు తల్లీ. ఆ రోజు వస్తే అది నీ తప్పని లోపల దాచుకుని ముప్పయి ఐదేళ్లు మోయకు, వెంటనే నాకు చెప్పు.

ప్రతి ఆదివారం ఫోను చెయ్యి. "బాగానే ఉన్నాను పెద్దమ్మా" అంటే ఊరుకోను, తరచి తరచి అడుగుతాను. ఎప్పుడైనా నీ మనసే బరువెక్కితే ఎంత రాత్రయినా పిలువు, వింటాను. ఎవరికీ చెప్పనని మాత్రం నీకూ ఒట్టు వేయను.

మీ పెద్దమ్మ