సౌండ్ వస్తది, బొమ్మ రాదు: ప్రొజెక్టర్ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అన్నా, మాది మిర్యాలగూడ. ఆన్‌లైన్‌ల ఆండ్రాయిడ్ ప్రొజెక్టర్ తెప్పించిన, డబ్బా మీద 4కె అని ఉంది. యూట్యూబ్ మంచిగనే వస్తుంది గానీ ఫోన్ నుంచి నెట్‌ఫ్లిక్స్ మిర్రరింగ్ పెడితే సౌండ్ వస్తది, సబ్‌టైటిల్స్ వస్తయి, బొమ్మ మాత్రం మొత్తం నల్లగనే. ఇక్కడ రిపేర్ షాపాయన బోర్డు ఖరాబైంది, మార్చాలె అంటున్నడు. ఏం చేయమంటవ్?

జవాబు: తమ్మీ, ముందుగాల ఆ బోర్డు విప్పనియ్యకు. యూట్యూబ్ మంచిగ వస్తుందంటేనే లైటు, లెన్సు, బోర్డు అన్నీ సక్కగున్నయన్నట్టు. నల్లగ రావుడు ఓటీటీ వాళ్లు కావాలని పెట్టిన తాళం, దాన్ని డీఆర్ఎం అంటరు, సినిమాను ఎవ్వరూ కాపీ కొట్టుకోకుండ. ఫోన్‌ల నెట్‌ఫ్లిక్స్ నడుస్తుంటే స్క్రీన్‌షాట్ తీసి చూడు, అది కూడ నల్లగనే పడ్తది. మిర్రరింగ్ అంటే ఫోన్ స్క్రీన్ కాపీ తీసి పంపుడే కదా, అందుకే ఫోను తాళమున్న వీడియోను ఆపి, తాళం లేని సబ్‌టైటిల్స్‌నూ సౌండ్‌నూ పోనిస్తది. ఫోన్ నుంచి వైరు గుంజినా లాభం ఉండకపోవచ్చు, ఎందుకంటే హెచ్‌డీఎంఐలో హెచ్‌డీసీపీ అని ఇంకో చెక్ ఉంటది, పంపేది, తీసుకునేది రెండూ ఒకదాన్నొకటి గుర్తుపట్టకపోతే బొమ్మ రాదు.

మరి ప్రొజెక్టర్లనే యాప్ వేసుకుంటే అంటవేమో. నెట్‌ఫ్లిక్స్ వాళ్లు టెస్ట్ చేసి ఒప్పుకున్న మోడళ్లకే అసలు టీవీ యాప్ ఇస్తరు, చవక ప్రొజెక్టర్లల్ల చానా వాటికి ఆ సర్టిఫికెట్ ఉండదు, అమ్మేటోళ్లు ఫోన్ యాప్‌నే ఎక్కించి పంపుతరు, దాంట్ల రిమోట్ బటన్లు సరిగ పనిచెయ్యయి, వచ్చినా బొమ్మ మసక మసకగ వస్తది. దానికి కారణం వైడ్‌వైన్ అనే గూగుల్ తాళం, దాంట్ల లెవెల్స్ ఉంటయి, ఎల్1 లెవెల్ ఉన్న మిషిన్లకే హెచ్‌డీ ఇస్తరు, ఎల్3 ఉంటే తక్కువ క్వాలిటీనే. నీదాంట్ల ప్లే స్టోర్ ఉంటే డీఆర్ఎం ఇన్ఫో అని యాప్ ఉంటది, అది వేసుకుంటే ఏ లెవెలో చూపెడ్తది.

నువ్వు చేయాల్సింది ఒక్కటే, ఫైర్ టీవీ స్టిక్ లాంటిదొకటి కొని వెనక హెచ్‌డీఎంఐ పోర్టుకు గుచ్చు, యాప్‌లన్నీ స్టిక్‌ల నడుస్తయి, ప్రొజెక్టర్ గోడ మీద బొమ్మ వేసుడు తప్ప ఇంకేం చెయ్యదు. స్టిక్‌కు కరెంటు ప్రొజెక్టర్ యూఎస్‌బీ నుంచి ఇయ్యకు, సరిపోక మాటిమాటికి రీస్టార్ట్ అయితది, దాంతోపాటు వచ్చిన అడాప్టర్‌నే ప్లగ్గుల పెట్టు. ఇంకోటి, నీది నెట్‌ఫ్లిక్స్ 149 రూపాయల మొబైల్ ప్లాన్ అయితే స్టిక్ పెట్టినా రాదు, అది ఫోన్‌కూ ట్యాబ్‌కే. ముందు ప్లాన్ చూసుకొని తర్వాత స్టిక్ కొను.

ఆ డబ్బా మీది 4కె సంగతి కూడ చెప్తా, దీని మీద నాకు మస్తు కోపం. '4కె సపోర్ట్' అంటే 4కె సిగ్నల్ ఇస్తే తీసుకుంటది అని, 4కె చూపెడ్తది అని కాదు. కింద సన్న అక్షరాలల్ల 'నేటివ్ రిజల్యూషన్' అని ఉంటది, 1280×720 అనో 1920×1080 అనో, గోడ మీద పడేది గదే. నీదాంట్ల 1080 ఉంటే 4కె ప్లాన్‌కు పైసలు పెట్టకు, నెట్ కూడ 5 ఎంబీపీఎస్ నిలకడగ వస్తే సాలు.

ప్రశ్న: మాది జడ్చర్ల. 9000 ల్యూమెన్స్ అని రాసి ఉంటే కొన్నం. హాల్ల 100 ఇంచులు పెడితే పగలు ఏం కనిపిస్తలేదు, రాత్రి కూడ పాలిపోయినట్టే ఉంటది.

జవాబు: అక్కా, ల్యూమెన్స్ అంటే వెలుగు కొలత, ఆ 9000ను మాత్రం నమ్మకుండ్రి, ఏ పద్ధతిల కొలిచిండ్రో రాయకుండ వేసిన అంకె అది. ఆన్సీ ల్యూమెన్స్ లేకపోతే ఐఎస్ఓ ల్యూమెన్స్ అని, అంటే పద్ధతి ప్రకారం కొలిచిన వెలుగు అని రాస్తేనే లెక్కల పట్టాలె. ఉదాహరణకు మీది 300 ఆన్సీ అనుకుందాం. మూల నుంచి మూలకు 100 ఇంచుల బొమ్మ అంటే ఏడుంబావు అడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, దగ్గర దగ్గర 30 చదరపు అడుగులు. 300ను 30కి పంచితే చదరపు అడుగుకు 10 ల్యూమెన్స్ వస్తది. థియేటర్ల సుమారు 14 ఉండాలంటరు, అది కూడ పూర్తి చీకట్ల. ఇప్పుడు ప్రొజెక్టర్‌ను గోడ దిక్కు జరిపి బొమ్మను 70 ఇంచులకు తగ్గించుండ్రి, విస్తీర్ణం సగమైతది, వెలుగు డబుల్ అయి అడుగుకు 20 వస్తది, ఒక్క రూపాయి ఖర్చు లేకుండ. గోడకు మెరుపు లేని తెల్ల రంగు వెయ్యుండ్రి, నిగనిగలాడే పెయింట్ మీద లైటు ఒక్క దగ్గరనే కొట్టొచ్చినట్టు పడ్తది. ప్రొజెక్టర్‌ను పక్కకు పెట్టి కీస్టోన్ అనే సెట్టింగ్‌తోని వంకర బొమ్మను సక్కజేసుడు కన్నా మిషిన్‌నే గోడకు ఎదురుంగ పెట్టుడు మేలు, కీస్టోన్ వాడినకొద్దీ పిక్సెల్స్ తగ్గి అక్షరాలు మసకబారుతయి. పగటిపూట మాత్రం మందం పరదాలు కట్టుకోవాల్సిందే, మన ఎండ వెలుతురు ముందట ఈ ధరల ప్రొజెక్టర్ ఆగదు.

ప్రశ్న: నాగర్‌కర్నూల్. బ్లూటూత్ స్పీకర్ పెడితే పెదవులు ముందు కదులుతున్నయి, మాట తర్వాత వస్తుంది.

జవాబు: బ్లూటూత్‌ల కొంచెం ఆలస్యం ఉండనే ఉంటది. స్పీకర్‌కు ఆక్స్ అనే వైరు గుచ్చే పోర్టు ఉంటే ప్రొజెక్టర్ నుంచి దానికి 3.5 ఎంఎం వైరు వెయ్యుండ్రి, అయిపోతది.

ప్రశ్న: మేం దేవరకొండ దగ్గర ఊరోళ్లం, మా యూత్ వాళ్లం వినాయకుని మండపం కాడ రోజూ రాత్రి ఓటీటీల కొత్త సినిమా వేద్దామనుకుంటున్నం. టికెట్ ఏం లేదు. అకౌంట్ మాదే.

జవాబు: వద్దు తమ్ముళ్లూ. మీరు ఓటీటీకి కట్టిన పైసలు మీ ఇంట్ల మీరు చూసుకునేందుకే, ఓటీటీల నిబంధనలల్ల ఆ ముక్క ఉంటది. టికెట్ లేకున్నా నలుగురి ముందట వేస్తే 1957 కాపీరైట్ చట్టం కింద హక్కుదారు అనుమతి కావాలె. మతపరమైన వేడుకలల్ల పాటలకు సెక్షన్ 52 మినహాయింపు ఇస్తది గానీ అండ్ల సినిమా లేదు. సెక్షన్ 63 కింద కేసు పడితే ఆరు నెలల నుంచి మూడేండ్ల దాంక జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాంక జుర్మానా రాసి ఉంది, చందాలు పోగుచేసి తెచ్చుకునే తలనొప్పి కాదది. సినిమానే కావాలంటే నిర్మాత దగ్గరనో డిస్ట్రిబ్యూటర్ దగ్గరనో రాతల అనుమతి తెచ్చుకోవాలె, దానికి ఇప్పటి నుంచే తిరగాలె. లేదంటే మీ ఊర్లనే చిరుతల రామాయణం ఆడేటోళ్లు, ఒగ్గు కథ చెప్పేటోళ్లు ఉంటే వాళ్లనడిగి ఫోన్‌ను స్టాండ్ మీద అడ్డంగ పెట్టి రికార్డు చేసి వెయ్యుండ్రి, పెన్‌డ్రైవ్‌ల పెట్టి నేరుగ ప్రొజెక్టర్‌కు గుచ్చితే నెట్ కూడ అక్కర్లేదు.