డ్రైవర్ తప్పు దగ్గరే ఆగకండి

రైలు ప్రమాదంపై రాసే కేస్ స్టడీలో, రెడ్ సిగ్నల్ దాటింది డ్రైవరే అయితే సంస్థ లోపం ఎక్కడ చూపించాలని అడిగారు కదా, ప్రమాదానికి ముందు సంవత్సరాలు చూడండి. 1999 అక్టోబరు 5న లండన్‌లోని లాడ్‌బ్రోక్ గ్రోవ్ దగ్గర రెండు రైళ్లు ఢీకొని 31 మంది చనిపోయారు. ఒక రైలు డ్రైవర్ రెడ్ సిగ్నల్ దాటాడు, నిజమే. కానీ ఎస్‌ఎన్ 109 అనే నంబరున్న అదే సిగ్నల్‌ను అంతకుముందు ఆరేళ్లలో 8 సార్లు వేరే డ్రైవర్లు కూడా దాటారు! అది సరిగ్గా కనబడదని తెలిసీ సరిచేయలేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పైగా ఆ రోజు రెడ్ దాటిన మనిషి డ్రైవర్‌గా అర్హత పొంది రెండు వారాలే. ఆ సిగ్నల్ ప్రమాదకరమని శిక్షణలో చెప్పలేదు. కాబట్టి మీరు ముందు పాత ఉల్లంఘనల రికార్డు, శిక్షణ వివరాలు తీయండి. "చూడలేదు" అని ఉన్న ప్రతిచోటా "ఎందుకు చూడలేకపోయాడు, ఆ సంగతి ముందే ఎవరికి తెలుసు" అని రాసుకుంటూ వెళ్లండి.