వైరింగ్ సరిగా చేయని ఎలక్ట్రీషియన్‌పై కేసు వేయొచ్చా?

సందేహం: మాది ఖమ్మం. కొత్త ఇంటి వైరింగ్‌ను మేస్త్రీ చెప్పిన ఒక ఎలక్ట్రీషియన్‌కి లేబర్ కాంట్రాక్టుకి ఇచ్చాం. సామానంతా ఆయన రాసిచ్చిన లిస్టు ప్రకారం మేమే కొన్నాం. 1,10,000 రూపాయలకు మాట్లాడుకుని 90,000 ఫోన్‌పేలో పంపాం. గృహప్రవేశమైన కొన్ని నెలలకే గీజర్ స్విచ్ కాలిపోయింది. కుళాయి ముట్టుకుంటే షాక్ కొడుతోంది. వేరే ఆయన్ని పిలిపిస్తే బోర్డు విప్పి చూసి, గీజర్‌కి సన్న వైరు లాగారని, ఎర్త్ అసలు కలపలేదని చెప్పాడు. మొదటాయనేమో "లోపం మీ గీజర్‌లోనే ఉంది, ముందు నా బాకీ 20,000 ఇవ్వండి" అంటున్నాడు. మా దగ్గర అగ్రిమెంటు లేదు, రసీదు లేదు. పోలీసు కేసు పెట్టొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: కేసు సంగతి తర్వాత, ముందు ఆ గీజర్ ఎంసీబీ (కరెంటు బోర్డులో ఆ లైన్‌ను ఆపే స్విచ్) దించేయండి. కుళాయి షాక్ కొట్టే బాత్రూంలోకి పిల్లల్ని పంపకండి. ఒకచోట ఎర్త్ కలపని మనిషి మిగతాచోట్ల కలిపాడని నమ్మడానికి లేదు కాబట్టి ఇల్లంతా చెక్ చేయించండి.

అయితే కొత్త ఎలక్ట్రీషియన్ ఆ వైరు పీకి పారేయకముందే ఫొటోలు, వీడియో తీసుకోవాలి. వైరు పైతొడుగు మీద కంపెనీ పేరుతో పాటు సైజు కూడా అచ్చు వేసి ఉంటుంది. ఆ అక్షరాలు చదవగలిగేంత దగ్గరగా ఫొటో తీయండి. కలపకుండా వదిలేసిన ఎర్త్ కొసను, కాలిన స్విచ్‌ను బోర్డుతో సహా వీడియో తీయండి. తీసేసిన వైరు ముక్కల్ని, ఆ స్విచ్‌ను కవర్లో పెట్టి దాచండి. వినియోగదారుల కమిషన్ ముందు ఎక్కువ కేసులు ఇక్కడే దెబ్బతింటాయి. రిపేరు అయిపోయాక పాత పని ఎలా ఉండేదో చూపించడానికి ఏమీ మిగలదు.

అగ్రిమెంటు లేదని బెంగపడుతున్నారు. ఆయన చేత్తో రాసిచ్చిన సామాను లిస్టు ఉంది కదా! అందులో గీజర్‌కి 4 స్క్వేర్ ఎంఎం వైరు అని రాసి, షాపు బిల్లులో అది కొన్నట్టు ఉండి, గోడలో మాత్రం సన్న వైరు కనిపిస్తే, అంతకన్నా గట్టి కాగితం అక్కర్లేదు. ఫోన్‌పే చెల్లింపులు, వాట్సాప్ మాటలు కూడా సాక్ష్యాలే. ఫోన్ మార్చినా అవి పోకుండా చూసుకోండి. వీటిని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చే ధ్రువీకరణ సర్టిఫికెట్ జతచేయాలి.

రెండో ఎలక్ట్రీషియన్ నోటిమాట మాత్రం చాలదు. ప్రభుత్వ లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌తో తనిఖీ చేయించి, లోపాలేమిటో, సరిచేయడానికి ఎంతవుతుందో లైసెన్సు నంబరుతో రాయించుకోండి. అవసరమైతే అఫిడవిట్ ఇస్తారా అని ముందే అడగండి. ఇంటి వైరింగ్ పని లైసెన్సున్న కాంట్రాక్టర్ ద్వారానే జరగాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. మీ మొదటి ఎలక్ట్రీషియన్‌కి లైసెన్సు ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే అది కూడా ఫిర్యాదులో రాయాలి.

పోలీసుల దగ్గరికి వెళ్లినా "ఇది సివిల్ మ్యాటర్" అని పంపించేసే అవకాశమే ఎక్కువ. పని పాడుచేయడం ఒక్కటే మోసం కాదు, మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. మీరు కొన్న వైరు చుట్ట (కాయిల్) ఆయన పట్టుకెళ్లినట్టు రుజువుంటే అది వేరే నేరం. కానీ ఆ వైరు ఏసీ పాయింట్లకు వాడి ఉండొచ్చు, చూసుకోకుండా దొంగతనం అంటగట్టకండి.

మీకు సరైన దారి వినియోగదారుల రక్షణ చట్టం, 2019. కూలి తీసుకుని చేసిన పనిలో లోపం సేవాలోపమే. పని చేసింది కంపెనీయే అయి ఉండాలన్న షరతు లేదు, బిల్లు లేకపోయినా డబ్బు ఇచ్చినట్టు తేలితే చాలు. సామాను మీరే కొన్నారు కాబట్టి తనకు సంబంధం లేదని ఆయన అనడం కూడా కుదరదు, ఎందుకంటే వైరు లాగింది ఆయనే.

ముందుగా స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. చట్టప్రకారం తప్పనిసరి కాకపోయినా నేనైతే పంపమనే చెబుతాను. లోపాలన్నీ రాసి, 15 రోజుల్లో వచ్చి సరిచేయమని అడగండి. షాక్ కొడుతున్న లైన్ మాత్రం అన్ని రోజులు ఆపలేమని, రికార్డు చేసుకుని ఈలోపే బాగుచేయిస్తున్నామని కూడా రాయండి. బాకీ 20,000 ఇప్పుడే ఇవ్వకండి, ఎగ్గొడతాననీ అనకండి. రిపేరు ఖర్చు పోను లెక్క తేలుస్తామని అదే నోటీసులో చెప్పండి.

స్పందించకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయండి. ఆయన ఎక్కడివాడైనా మీరు నివసించే చోటే వేయొచ్చు. ఇచ్చిన ప్రతిఫలం (పనికి చెల్లించిన డబ్బు) 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయర్ కూడా తప్పనిసరి కాదు. రిపేరు ఖర్చు, కాలిన సామాను విలువ, టైల్స్ పగలగొట్టాల్సి వస్తే ఆ ఖర్చు బిల్లులతో అడగండి. మానసిక వేదనకూ అడగొచ్చు గానీ లక్షలు వేయకండి, అతిగా అడిగితే న్యాయమైన మొత్తం మీద కూడా అనుమానం వస్తుంది. మూడు నెలల్లో తేల్చాలని చట్టం అంటున్నా, ఆచరణలో అంతకన్నా ఎక్కువే పడుతుంది.

గడువు రెండేళ్లు. లోపం బయటపడిన రోజు నుంచి లెక్కించాలని వాదించవచ్చు, కానీ ఆ వాదన మీద ఆధారపడకుండా పని పూర్తయిన తేదీ నుంచే రెండేళ్లనుకుని ఆలోపే ఫిర్యాదు వేయండి.